ఎడమ బటన్‌లో అట్టముక్క

రెండు వేళ్ళు తీసింది మిషను, తక్కినదంతా తీసింది లెడ్జరు. కోతమాస్టారు ఈ మాట ఎదురుపడ్డ ప్రతి మనిషికీ చెప్పాడు. వినేవాడు బస్సు కోసం పరిగెడుతున్నా ఆపి మరీ చెప్పాడు.

లెడ్జరంటే ఇక్కడ పుస్తకం కాదు, మనిషి. మాస్టారి భార్యకు తోడబుట్టిన తమ్ముడు. ప్రింటింగ్ ప్రెస్సులో జీతాలూ జమాఖర్చులూ రాస్తాడు గనక అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. పదేళ్ళ కిందట ఓనరు కాళ్ళావేళ్ళా పడి ఆ ఉద్యోగం వేయించింది మాస్టారే. అదే ఆయన కడుపుమంట.

మాస్టారంటే బడిపంతులూ కాదు. ఆరో తరగతి మధ్యలో బడి మానేసినవాడు. కాకపోతే వేలకొద్దీ నోటుపుస్తకాల అంచులు వెంట్రుకవాసి తేడా లేకుండా కోస్తాడు. కాగితం కోసే పెద్ద మిషను మీద ఇరవై రెండేళ్ళ అనుభవం. కాగితాల దొంతరను వేలితో ఒక్కసారి సర్రున తోసి, ఇందులో ఎన్ని షీట్లున్నాయో చెప్పగలడు. నాలుగైదు అటూ ఇటూ అయితే అయ్యేవి, అంతకు మించి ఎప్పుడూ తప్పలేదు. చదువుకున్నవాళ్ళు తన దగ్గరికొచ్చి "మాస్టారూ" అంటే ఆయనకు లోపల ఎక్కడో చల్లగా ఉండేది.

ఆ మిషనుకు రెండు బటన్లుంటాయి. కుడిచేత్తో కుడి బటన్, ఎడమచేత్తో ఎడమ బటన్, రెండూ ఒకేసారి నొక్కి పట్టుకుంటేనే కత్తి కిందికి దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీదుంటే కత్తి కింద చెయ్యి ఉండదు కదా అని దాన్ని తయారుచేసినవాడి ఆలోచన. తయారుచేసినవాడికేం, వాడికి బడులు తెరిచే వారంలో నలభై వేల నోటుపుస్తకాలు ఇవ్వాల్సిన అవసరం లేదు. రెండు చేతులూ బటన్లకే అంకితమైతే దొంతర జరిపేదెవరు? అందుకని పన్నెండేళ్ళ కిందట మాస్టారు ఒక ఉపాయం కనిపెట్టాడు. పుస్తకం అట్టలోంచి బొటనవేలంత ముక్క కత్తిరించి, రెండు మడతలు పెట్టి, ఎడమ బటన్ నొక్కి పట్టి, దాని పక్క సందులో దోపాడు. బటన్ ఇక పైకి లేవలేదు. ఎడమచెయ్యి ఖాళీ. గంటకు అరవై కోతలు పడే చోట తొంభై పడ్డాయి.

అప్పట్నుంచి ఆ ప్రెస్సులో కోతమిషను ఎక్కిన ప్రతివాడూ ముందు అట్టముక్క వెతుక్కునేవాడు. ఓనరు చూడలేదా అంటే, చూశాడు. ఆ పక్కనుంచి వెళ్ళేటప్పుడు మాత్రం ఆయనకు ఎప్పుడూ ఫోనొచ్చేది.

ప్రమాదం జరిగింది మధ్యాహ్నం భోజనాలైన అరగంటకు. నున్నటి అట్టల దొంతర ఒక మూల జారింది. సర్దుదామని మాస్టారి ఎడమచెయ్యి లోపలికి వెళ్ళింది, అలవాటుకొద్దీ కుడిచేతి బొటనవేలు బటన్ నొక్కేసింది. నొప్పి తర్వాత తెలిసింది. ముందు తెలిసింది అట్టల మీద రంగు. చూపుడువేలూ మధ్యవేలూ రెండో కణుపు దగ్గరికి తెగిపోయాయి.

బైండింగు బల్ల దగ్గర ఆడవాళ్ళు కేకలు పెట్టి పరిగెత్తుకొచ్చేలోపు మాస్టారు చేసిన పని ఒకటుంది. కుడిచేత్తో ఎడమ బటన్ పక్కనున్న అట్టముక్క పీకి జేబులో వేసుకున్నాడు. తెగిన వేళ్ళ కోసం చూడలేదు, అట్టముక్క కోసం చూశాడు. ఇది బయటపడితే తప్పు తన నెత్తిన రుద్దుతారు, పైసా ఇవ్వరు, పైగా మిషను పాడుచేశావని కేసు పెట్టినా పెడతారు, ఇవీ ఆ క్షణంలో ఆయన బుర్రలో తిరిగినవి.

ఓనరు తన కారులోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. వెనక సీటు మీద పాత ఫ్లెక్సీ పరిపించాడు గానీ తీసుకెళ్ళాడు. కట్టు కట్టించాక, వరండాలో బెంచీ మీద పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేశాడు.

"మాస్టారూ, మనం మనం ఒకటి. ఇది ప్రెస్సులో జరిగిందని రాస్తే బీమా వాళ్ళొస్తారు. మిషను తిప్పి తిప్పి చూస్తారు. బటన్ల సంగతి అడుగుతారు. నీకెందుకొచ్చిన గొడవ? ఇంటి దగ్గర జరిగిందని రాయిద్దాం. ఖర్చంతా నాది. నయమయ్యేదాకా జీతం ఇంటికి పంపిస్తా."

బటన్లన్న మాట వినగానే మాస్టారి కుడిచెయ్యి జేబులోని అట్టముక్క మీదికి వెళ్ళింది. తలూపాడు. లెడ్జరు చేతిసంచీలోంచి కాగితం తీశాడు.

"ఏమని రాయమంటారు సార్?"

"ఏదో ఒకటి రాయవయ్యా. ఇనుప గేటు మధ్య వేళ్ళు పడ్డాయని రాయి."

లెడ్జరు బావ మొహం చూశాడు. బావ కిటికీ వైపు చూశాడు. రాత పూర్తయింది. కుడిచెయ్యి బాగానే ఉంది గనక మాస్టారి సంతకం కూడా బాగానే వచ్చింది.

ఓనరు మాట తప్పలేదు, ఏడు వారాలపాటు. ఎనిమిదో వారం కబురు పంపాడు: తేలిక పని ఇస్తాను, వచ్చి షీట్లు లెక్కపెట్టమని. మాస్టారు వెళ్ళాడు. షీట్లు లెక్కపెట్టాలంటే ఎడమచేతి మొదటి రెండు వేళ్ళే కావాలి. దొంతర పట్టుకోబోతే జారిపోయి నేలంతా పరుచుకుంది. బైండింగు ఆడవాళ్ళు వంగి ఏరారు. ఇరవై రెండేళ్ళలో ఆయన కాగితం కిందపడితే ఇంకొకరు ఏరడం అదే మొదటిసారి. మూడు రోజులు ఓర్చుకుని మానేశాడు. ఆ తర్వాత గాయం లోపల చీము పట్టింది. మళ్ళీ కోయాలన్నారు. ఓనరు ఫోను ఎత్తడం మానేశాడు.

రెండో ఆపరేషనుకు భార్య తన కుట్టుమిషను అమ్మేసింది. అమ్మిన రోజు కిటికీ దగ్గర అది ఉన్న చోటు ఊడ్చి, నీళ్ళబిందె పెట్టింది. అది ఆయనకు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

అసలు సంగతి బయటపెట్టింది ఆస్పత్రిలో చేతికి కసరత్తులు చేయించే అమ్మాయి. మెత్తటి బంతి చేతిలో పెట్టి పిండమంటూ, "మీ బీమా నంబరు చెప్పండి, కాగితంలో రాసుకోవాలి," అంది.

"నాకు బీమా ఎక్కడిదమ్మా?"

"పనిలో తెగిన చెయ్యి కాదా ఇది? గేటు ఇంత నున్నగా కోస్తుందా అంకుల్?" అని నవ్వేసి, కార్మికుల బీమా ఆఫీసు ఎక్కడుందో చెప్పింది.

అది ప్రభుత్వ ఆఫీసు. మూడో అంతస్తు. లిఫ్టు తలుపు మీద రిపేరు కాగితం అంటించి ఉంది, ఆ కాగితం కూడా పాతబడి పసుపెక్కింది. లోపల బల్ల వెనక ఒక ఆఫీసరమ్మ. జుట్టు నెరిసింది, కళ్ళజోడు తాడుకు వేలాడుతోంది. ఆమె మాస్టారి చెయ్యి చూసింది, ఆస్పత్రి కాగితం చూసింది, మళ్ళీ చెయ్యి చూసింది.

"ఎక్కడ జరిగింది?"

"ప్రెస్సులోనే మేడమ్. గేటని ఓనరు రాయించాడు."

ఆమె ఆశ్చర్యపోలేదు. రోజూ వినే పాటేమో. నిదానంగా, పిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

"చూడండి, మీ ఓనరు ఏటా మాకు డబ్బు కడతారు. జీతాల్లో ప్రతి వందకూ ఇంతని. లెక్కలు రాసేవాళ్ళకైతే వందకు అర. కోతమిషను మీద చేసేవాళ్ళకైతే వందకు ఏడు. ప్రమాదాలు ఎక్కువైతే ఆ ఏడు తొమ్మిదవుతుంది, పదకొండవుతుంది. ఒకసారి ఎక్కితే మూడేళ్ళదాకా దిగదు."

"అందుకా గేటు!" అన్నాడు మాస్టారు. భుజం మీద పడ్డ ఓనరు చెయ్యి ఇప్పుడు బరువుగా తోచింది.

"అందుకే. ఆ డబ్బులోంచి మీ ఆస్పత్రి ఖర్చు మేమిస్తాం. పనికి వెళ్ళలేని వారాలకు వారం జీతంలో మూడింట రెండొంతులు ఇస్తాం. పోయిన వేలికి విడిగా లెక్కుంది. చూపుడువేలికి నలభై వారాలు, మధ్యవేలికి ముప్పై. దానికి బదులుగా మీరు ఓనరు మీద కోర్టుకు వెళ్ళడానికి లేదు."

"తప్పు ఎవరిదని అడుగుతారా మేడమ్?" మాస్టారు గొంతు తగ్గించాడు.

"అడగం. ఓనరు తప్పని మీరు రుజువు చెయ్యక్కర్లేదు. మీ తప్పని చెప్పి ఆయన తప్పించుకోడానికీ లేదు. పనిలో జరిగిందా, లేదా, అంతే. తాగి వచ్చి ఉంటేనో, డబ్బు కోసం చెయ్యి తనే కత్తి కింద పెట్టి ఉంటేనో తప్ప, పొరపాటు ఎవరిదైనా మాకు ఒకటే. కానీ ఒక్క సంగతి." కళ్ళజోడు తీసింది. "ఇప్పటికే ఒక అబద్ధం కాగితం మీదుంది. దాన్ని దిద్దుకోనిస్తాం, చూసినవాళ్ళెవరైనా వచ్చి సాక్ష్యం చెబితే. రెండో అబద్ధం మాత్రం వద్దు. దొరికితే పనికి వెళ్ళలేని వారాల డబ్బు మొత్తం రద్దు చేస్తాం."

మాస్టారు మెట్లు దిగుతూ నవ్వుకున్నాడు. తప్పు ఎవరిదని అడగరట! అడక్కుండా డబ్బిచ్చే ఆఫీసును ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అంతకు నాలుగేళ్ళ ముందు ఇంటి నీళ్ళ మీటరు ఆగిపోతే, తనంతట తానే వెళ్ళి చెప్పాడు. నీలాంటి నిజాయితీపరులు ఉండాలయ్యా అని మెచ్చుకుని, కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఎనిమిది నెలల జరిమానా రాసిచ్చారు. ఆ రోజు నుంచి ఆఫీసుల్లో నిజం చెప్పడం ఆయనకు పడని వంటకమైంది.

సాక్ష్యానికి ప్రెస్సులో ఎవరూ ముందుకు రాలేదు. అందరికీ పిల్లలూ అద్దెలూ ఉన్నాయి. మిగిలింది లెడ్జరు. ఆ ఆదివారం అక్క పిలిస్తే వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, విడిచిన చెప్పుల్ని జంటగా సర్ది, లోపలికొచ్చి కూర్చున్నాడు. ఏ పనైనా అలాగే చేస్తాడు.

"వస్తే నా ఉద్యోగం ఊడుతుంది బావా."

"నా వేళ్ళు ఊడాయిరా. నీకు ఉద్యోగం మళ్ళీ మొలుస్తుంది. ఇవి మొలుస్తాయా?"

"నువ్వు సంతకం పెట్టకుండా ఉండాల్సింది."

"నువ్వు రాయకుండా ఉండాల్సింది!"

"ఇద్దరూ నోళ్ళు మూసుకోండి," అంది భార్య. తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, ఆయన చెయ్యి చూడు. చూసి, వస్తావో రావో చెప్పు."

లెడ్జరు చూశాడు. "వస్తానక్కా," అన్నాడు. "కానీ జరిగింది జరిగినట్టే చెప్తాను. ఒకసారి రాసిన తప్పుడు రాతకే నాకు తిండి సయించడం లేదు."

"జరిగింది జరిగినట్టే చెప్పు," అన్నాడు మాస్టారు. "ఒక్క అట్టముక్క సంగతి తప్ప."

"అదెందుకు తప్ప? తప్పు ఎవరిదైనా పర్లేదని ఆవిడ చెప్పిందన్నావుగా?"

"ఆవిడ చెప్తుంది. గాలం వేసేవాళ్ళు ముందు ఎరే చూపిస్తారు. నువ్వు లెక్కలు రాసుకునేవాడివి, లోకం నీకేం తెలుసు? బటన్ దానంతటదే ఇరుక్కుందని నేను చెప్తాను. నువ్వు ఊఁ అను, చాలు."

లెడ్జరు మంచినీళ్ళు తాగాడు. గ్లాసు ఎక్కణ్ణుంచి తీశాడో అక్కడే పెట్టాడు. ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. మాస్టారు దాన్ని ఊఁ కిందే జమకట్టుకున్నాడు.

విచారణ గది ఇరుకు. పొడవాటి బల్లకు ఒకవైపు ఓనరు, ఆయన వకీలు. ఇంకోవైపు మాస్టారు, లెడ్జరు. చివర్న ఆఫీసరమ్మ. పక్కన ఒకతను అందరి మాటలూ టైపు చేస్తున్నాడు. ఫ్యాను తిరిగినప్పుడల్లా కాగితాలు లేస్తుంటే ఆమె కళ్ళజోడు పెట్టెతో అదిమింది.

ముందు మాస్టారు ప్రమాణం చేసి చెప్పాడు. ప్రెస్సులోనే జరిగింది, మధ్యాహ్నం, నోటుపుస్తకాల అట్టలు కోస్తుండగా. ఇంతవరకూ తడుముకోలేదు.

ఆఫీసరమ్మ అడిగింది. "రెండు బటన్లూ నొక్కితేగానీ కత్తి దిగదు కదా. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే, ఎడమచెయ్యి కత్తి కిందికి ఎలా వెళ్ళింది?"

"ఎడమ బటన్ పాడైపోయింది మేడమ్. నొక్కితే లోపలే ఇరుక్కుపోయేది. ఓనరుగారికి మూడుసార్లు చెప్పాను. మూడోసారి దండం పెట్టి మరీ చెప్పాను."

దండం ఆయన అప్పటికప్పుడు చేర్చింది. చేరుస్తుంటే బాగానే ఉందనిపించింది.

వకీలు ఒక కాగితం ముందుకు తోశాడు. మిషను రిపేరు చేసే కంపెనీ ఇచ్చినది. ప్రమాదానికి పన్నెండు రోజుల ముందు వచ్చి చూశారు, రెండు బటన్లూ కొత్తవి వేశారు. "కొత్త బటన్ ఇరుక్కుందట. అసలు ప్రెస్సులో ఏమీ జరగలేదు మేడమ్, గేటు మాటే నిజం," అన్నాడు వకీలు.

ఆఫీసరమ్మ లెడ్జరు వైపు తిరిగింది. "మీరు చెప్పండి."

బల్ల కింద మాస్టారు లెడ్జరు పాదం మీద పాదం వేసి తొక్కాడు.

"ఆ గేటు కాగితం నేనే రాశాను మేడమ్. ఓనరుగారు చెప్తే రాశాను. మా బావ ఇంటికి గేటే లేదు. ఎప్పుడూ లేదు. కావాలంటే వచ్చి చూడండి." టైపు చేసేవాడు ఫక్కున నవ్వి, తలొంచుకున్నాడు. లెడ్జరు ఆగాడు. పాదం నలుగుతోంది. "కాలు తియ్యి బావా," అన్నాడు పైకే. మాస్టారు తీశాడు.

"బటన్ పాడవలేదు మేడమ్. పక్కన అట్టముక్క దోపేవాళ్ళు, పని తొందరగా అవుతుందని. కోతమిషను ఎక్కిన ప్రతివాడూ దోపేవాడు. మనిషి రాని రోజున నేను ఎక్కినప్పుడు నేనూ దోపాను. ఓనరుగారికి తెలుసు. గంటకు తొంభై కోతలని నా చేతే రాయించేవారు. అట్టముక్క లేకుండా తొంభై పడవు. పన్నెండేళ్ళ కిందట దాన్ని మొదట కనిపెట్టింది మాత్రం మా బావ."

ఆ ఆఖరి మాటలో గర్వం లాంటిది ఉంది. మాస్టారికి అది వినపడలేదు. ఆయన చెవుల్లో తన పరువు ముక్కలైన చప్పుడే వినపడుతోంది.

"ద్రోహి!" అని లేచాడు. "నేను పెట్టించిన ఉద్యోగంలో కూర్చుని నన్నే ముంచుతావట్రా?"

"కూర్చోండి," అంది ఆఫీసరమ్మ. అరవలేదు. అలసిపోయినట్టుగా అంది. "అయ్యా, అట్టముక్క పెట్టానని మీరు చెప్పి ఉంటే అందులో మీకు పోయేదేమీ లేదు. నేను ఆ రోజే చెప్పాను. ఓనరు పన్నెండేళ్ళు చూస్తూ ఊరుకుంటే అది ఆయన పద్ధతి కిందికే వస్తుంది. మీకు తగిలింది పనిలో తగిలిన దెబ్బే. ఈయన రాకపోయి ఉంటే గేటు కాగితాన్ని నేను కాదనగలిగేదాన్ని కాదు. అది వేరు. కానీ ఇప్పుడు నా ఎదుట, ప్రమాణం చేశాక, మీరు రెండో అబద్ధం చెప్పారు. అదీ టైపు అయింది."

టైపు చేసేవాడు ఆ వాక్యం కూడా టైపు చేశాడు.

తీర్పు పదకొండు రోజులకు పోస్టులో వచ్చింది. ప్రమాదం ప్రెస్సులోనే జరిగిందని ఒప్పుకున్నారు. రెండు ఆపరేషన్ల ఖర్చు బీమా ఆఫీసే భరిస్తుంది. రెండు వేళ్ళకూ కలిపి డెబ్బై వారాల డబ్బు ఇస్తారు. తప్పుడు కాగితం రాయించినందుకు ఓనరుకు జరిమానా, వచ్చే ఏడాది నుంచి ప్రీమియం పెంపు. ఆ తర్వాత చివరి పేరా, పొట్టిది: కార్మికుడు రెండుసార్లు అసత్యం చెప్పినందున పనికి పోలేని వారాల భృతి రద్దు.

ఆ వారమే ఓనరు లెడ్జరును లెక్కలు అప్పగించి పొమ్మన్నాడు. అతను ఆఖరి పేజీదాకా కూడి, గీత గీసి, తాళాలు బల్ల మీద పెట్టి వచ్చేశాడు. ఇప్పుడు ఇనుప సామాన్ల కొట్లో సగం జీతానికి చేస్తున్నాడు.

డబ్బు బ్యాంకులో పడ్డ రోజు భార్య ముందు కుట్టుమిషను కొనుక్కుంది. పాతదే, ఎవరో వాడింది. దాన్ని కిటికీ దగ్గర పెట్టుకుంటూ అంది:

"మా తమ్ముణ్ణి ఇంటికి పిలుస్తున్నాను, భోజనానికి."

"వాడొస్తే నేనుండను."

"ఉండొద్దు. వాడు నోరు విప్పకపోతే నీ వేళ్ళకు కూడా గుండు సున్నా వచ్చేది. ఈ ముక్క నీకూ తెలుసు."

"వాడు ఊఁ అని ఉంటే అన్నీ వచ్చేవి!"

"కొత్త బటన్ ఇరుక్కుందని నువ్వు అన్నాక, వాడు ఊఁ అంటే ఇద్దర్నీ కలిపి బయటికి నెట్టేవాళ్ళు."

మాస్టారు చొక్కా వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఇప్పుడు ఆయనకు చాలాసేపు పడుతుంది, అయినా ఎవరినీ సాయం చెయ్యనివ్వడు. వీధి చివర టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాడు. టీ కొట్టువాడు చెయ్యి చూసి, బీమా డబ్బు వచ్చిందట కదా, ఎంతేమిటి అని అడిగాడు.

వచ్చింది ఎంతో మాస్టారు చెప్పలేదు. పోయింది చెప్పాడు. వారం జీతం నాలుగు వేల ఎనిమిది వందలు. అందులో మూడింట రెండొంతులంటే మూడు వేల రెండు వందలు. పనికి పోలేనివి ముప్పై ఒక్క వారాలు, అందులో ఓనరు జీతం ఇచ్చిన ఏడు తీసేస్తే ఇరవై నాలుగు. ఆరో తరగతిలో బడి మానేసినా ఈ గుణకారం ఆయన నోటికే చేశాడు, ఒక్క అంకె కూడా తప్పకుండా: డెబ్బై ఆరు వేల ఎనిమిది వందలు.